మూడో వైరు ఎక్కడ కలపాలి?

సినిమావాళ్ల పుణ్యమా అని కారవాన్ అనే మాట తెలుగునాట అందరికీ తెలుసు. షాట్‌కీ షాట్‌కీ మధ్య హీరోగారు వెళ్లి కూర్చునే ఏసీ బండి. ఆ బండిలో ఉండే కరెంటు ఏర్పాటు మాత్రం ఇప్పుడు హీరోలకే పరిమితం కాదు. కొత్తకోట, పెబ్బేరు మీదుగా అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఒకసారి చూసుకుంటూ వెళ్లండి. టిఫిన్ వ్యాన్‌లో మిక్సీ తిరుగుతుంది. జ్యూస్ బండిలో ఫ్రిజ్ ఉంటుంది. పెళ్లి ఊరేగింపులో డీజే బండి, పల్లెలకు వచ్చే సంచార వైద్య వాహనం, సోమశిలకో మల్లెల తీర్థానికో కుటుంబంతో బయల్దేరిన మార్పు చేయించుకున్న టెంపో ట్రావెలర్. అన్నిట్లోనూ ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టర్, నాలుగు ప్లగ్గులు ఉంటున్నాయి.

ఈ పని ఎవరు చేస్తున్నారు? ఒకరు ఆటో ఎలక్ట్రీషియన్, ఇంకొకరు ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్. మొదటాయనకు 12 వోల్టులు చేతిమీద గీతల్లా తెలుసు, 230 అంటే కొంచెం బెరుకు. రెండో ఆయనకు 230 కొట్టిన పిండి, 12 వోల్టులంటే ‘షాకే కొట్టదు కదా’ అని చులకన. ఇన్వర్టర్ ఉండేది సరిగ్గా ఈ రెండింటి మధ్యన. ఇద్దరికీ సగం సగమే తెలిసిన ఆ పెట్టెను పూర్తిగా తెలిసినవాళ్లు మన మూడు జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? ఐటీఐ, పాలిటెక్నిక్, బీటెక్ ఈఈఈ చదివి గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లు, అమ్మాయిలు ఈ ప్రశ్నను తమ ప్రశ్నగా తీసుకోవాలని ఈ వారం మా మాట.

ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, బండిలో మంట అంటే ఏమిటో మన ప్రాంతానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున పాలెం దగ్గర వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయింది. 45 మంది పోయారు. అది ఇన్వర్టర్ వల్ల జరిగింది కాదు, నిజమే. కానీ నిద్రలో ఉన్న మనిషికి, మూసుకున్న తలుపుకీ మధ్య మంట ఎంత టైమిస్తుందో ఆ రోజు తెలిసింది. కారవాన్‌లో కూడా మనుషులు నిద్రపోతారు. వాళ్ల మంచం కిందనే బ్యాటరీ ఉంటుంది.

ముందు ఆ బ్యాటరీ సంగతే చూద్దాం. వెయ్యి వాట్ల మిక్సీని ఇంట్లో నడిపితే వైర్లో పారేది నాలుగు ఆంపియర్లకు కాస్త ఎక్కువ. అదే మిక్సీని 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే? వెయ్యిని పన్నెండుతో భాగించండి, 83 ఆంపియర్లు. ఇన్వర్టర్ తన కోసం కొంత తినేస్తుంది కాబట్టి లెక్కకు 95 అనుకోండి. ఇప్పుడు ఇంటి ప్లగ్ పాయింటుకు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు తెచ్చి రెండు మీటర్ల దూరంలోని ఇన్వర్టర్‌కు కలిపారనుకుందాం. పోను రెండు, రాను రెండు, మొత్తం నాలుగు మీటర్ల రాగి. దాని నిరోధం సుమారు 28 మిల్లీ ఓమ్‌లు. 95 ఆంపియర్లు పారితే ఆ వైర్లోనే రెండున్నర వోల్టులకు పైగా పోతుంది. ఇన్వర్టర్ ‘లో బ్యాటరీ’ అని కూస్తుంది. ఓనరు బ్యాటరీ పాడైందనుకుని కొత్తది కొంటాడు. అసలు ప్రమాదం అది కాదు. ఆ వైర్లో దాదాపు 250 వాట్లు వేడిగా మారుతున్నాయి. ప్లైవుడ్ వెనకాల, రెగ్జిన్ కింద ఒక చిన్న హీటర్ పెట్టినట్టే. అదే 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేస్తే పోయేది 0.2 వోల్టు, వేడి 20 వాట్లలోపు.

ఈ లెక్క ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్నదే. పరీక్షలో రాసినవాళ్లమే. కానీ ఇంటర్వ్యూలో ‘వెయ్యి వాట్ల ఇన్వర్టర్‌కు ఏ కేబుల్ వేస్తావు బాబూ’ అని అడిగితే నోట్లోంచి మాట రాదు. ఎందుకంటే కాలేజీలో ఓమ్ నియమం బోర్డు మీదే ఉండిపోయింది. చేతికి కేబులు తగల్లేదు, లగ్గు క్రింప్ చేయలేదు. ఐటీఐ కుర్రాడు క్రింప్ చేస్తాడు, లెక్క కట్టడు. ఇద్దరినీ తప్పుపట్టి లాభం లేదు, నేర్పిన తీరు అలా ఉంది.

ఫ్యూజు దగ్గర జరిగే పొరపాటు ఇంకా విచిత్రంగా ఉంటుంది. చాలామంది ఫ్యూజును ఇన్వర్టర్ పక్కన పెడతారు, చూడ్డానికి బాగుంటుందని, మార్చడానికి వీలుంటుందని. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టర్‌ను కాదు, వైరును. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న వైరుకు కాపలా ఎవరూ లేరు. గతుకుల రోడ్ల మీద ఏడాది తిరిగాక ఆ వైరు రేకు అంచుకు ఒరుసుకుని తొడుగు చిరిగితే, బ్యాటరీ తనలో ఉన్నదంతా అక్కడే కుమ్మరిస్తుంది. మంచి ట్యూబులర్ బ్యాటరీ షార్టయితే వెయ్యి ఆంపియర్లు దాటడం పెద్ద విషయం కాదు. అందుకే ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, జానెడు లోపు ఉండాలి. వైరు రేకును దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. ఇది రూపాయల ఖర్చు కాదు, పట్టింపు ఉండాలి, అంతే.

డీసీ కదా, ఏం గాదులే అనేవాళ్లకు మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే ఒక చేదు జ్ఞాపకం ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో ఇద్దరు బ్యాటరీల పని మీద వచ్చినవాళ్లు. కారణాల చర్చ విచారణలకు వదిలేద్దాం. ఆ తొమ్మిది మందిలో అసిస్టెంట్ ఇంజినీర్లున్నారు, మీకంటే కొన్నేళ్లే పెద్దవాళ్లు ఉన్నారు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇది తెలిసి రావాలి.

ఇక అసలు విషయం, మూడో వైరు. ‘బండికి ఎర్త్ ఎందుకన్నా, టైర్ల మీదున్నది గదా’ అనే మాట ఏ షెడ్డుకు వెళ్లినా వినబడుతుంది. దీంట్లో రెండు తప్పులున్నాయి. ఎర్త్ అంటే మట్టిలోకి వెళ్లే వైరు అనుకోవడం ఒకటి. కరెంటు మట్టిలోకి పోవాలని కోరుకోదు. ఎక్కడ పుట్టిందో అక్కడికి, తన పుట్టింటికి తిరిగి వెళ్లాలని చూస్తుంది. మన ఇంట్లో కరెంటుకు పుట్టిల్లు వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్. దాని న్యూట్రల్‌ను అక్కడే భూమికి కలిపి ఉంచుతారు. ఫ్రిజ్‌లో ఫేజ్ వైరు తెగి బాడీకి తగిలితే, ఎర్త్ వైరు ఆ కరెంటుకు తిరిగి వెళ్లే దారి చూపిస్తుంది. దారి సాఫీగా ఉంటే ఎక్కువ కరెంటు పారి ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ వైరు చేసే పని అదీ.

బండి రోడ్డు మీద ఉన్నప్పుడు పుట్టిల్లు ఏది? ట్రాన్స్‌ఫార్మర్ కాదు, లోపలున్న ఇన్వర్టర్. కాబట్టి ఫ్రిజ్ బాడీ నుంచి, స్టవ్ బాడీ నుంచి, ప్రతి సాకెట్ మూడో పిన్ను నుంచి వచ్చే ఎర్త్ వైర్లన్నీ బండి ఛాసిస్‌కు చేరాలి. ఇన్వర్టర్ అవుట్‌పుట్ న్యూట్రల్ కూడా అదే ఛాసిస్‌కు ఒకే ఒక్క చోట కలవాలి. అప్పుడే లోపం వచ్చినప్పుడు వలయం పూర్తవుతుంది, ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. ఆ ఒక్క చోటు లేకపోతే ఇన్వర్టర్ కరెంటు గాల్లో తేలుతూ ఉంటుంది. మొదటిసారి లోపం వస్తే ఏమీ కాదు, ఎవరికీ తెలియదు. రెండో లోపం వచ్చే రోజు మనిషి మధ్యలో ఉంటాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని చవక ఇన్వర్టర్లలో రెండు అవుట్‌పుట్ వైర్లూ బాడీతో చూస్తే సగం సగం వోల్టేజీ చూపిస్తాయి. వాటిలో న్యూట్రల్ అంటూ ఏదీ లేదు. వాటిని తెచ్చి ఛాసిస్‌కు కలిపితే ఇన్వర్టర్ అక్కడికక్కడే కాలిపోతుంది. కంపెనీ ఇచ్చిన పుస్తకం చదవకుండా న్యూట్రల్ మీద చెయ్యి వేయకూడదు. ఆ పుస్తకం ఇంగ్లీషులోనే ఉంటుంది, చిన్న అక్షరాలతో ఉంటుంది. అది చదవగలగడమే డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లకు షెడ్డులో ఉండే మొదటి ఆధిక్యం అని మా అభిప్రాయం.

ఇప్పుడు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి రండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు శ్రీశైలం రోడ్డు మీద వాహనాలను వదలరు. ఆలస్యంగా వచ్చిన బండి ఆగిపోవాల్సిందే. ఆగిన కారవాన్ ఏం చేస్తుంది? పక్కన ఏదో హోటల్ నుంచి ఒక వైరు లాక్కుని ప్లగ్ పెట్టుకుంటుంది. ఆ క్షణంలో పుట్టిల్లు మారిపోయింది. ఇప్పుడు కరెంటు వస్తున్నది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. న్యూట్రల్‌కూ భూమికీ బంధం అక్కడ ముందే ఉంది. కాబట్టి బండిలో మనం వేసిన బంధం ఆ క్షణమే తెగిపోవాలి. మంచి ఇన్వర్టర్ ఛార్జర్లలో ఉండే రిలే ఈ పని తనంతట తాను చేస్తుంది. చేత్తో జంపర్ వైరు వేసిన బండిలో అది తెగదు.

తెగకపోతే ఏమవుతుంది? ఫేజ్, న్యూట్రల్ తారుమారైన సాకెట్లు మన దగ్గర కొత్తేం కాదు. అలాంటి సాకెట్‌లో ప్లగ్ పెడితే బండి రేకు మొత్తం ఫేజ్ అయిపోతుంది. టైర్లు రబ్బరు కాబట్టి ఆ కరెంటు భూమిలోకి పోదు, బండి మీదే కూర్చుంటుంది. లోపల ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు, నేలా గోడా అంతా ఒకే వోల్టేజీ కదా. తెల్లారి కిందికి దిగి, తడి నేల మీద ఒక కాలు పెట్టి, తలుపు హ్యాండిల్ పట్టుకున్న పిల్లవాడికి తెలుస్తుంది. టైర్ల మీదున్నది గదా అనే మాటలో రెండో తప్పు ఇదే. టైర్లు బండిని కాపాడవు, బండికీ భూమికీ మధ్య మనిషిని నిలబెడతాయి.

హోటల్ వాడి ఎర్తింగ్ కాపాడదా అంటారా? మన నేల సంగతి మనకు తెలుసు. పాలమూరు ఎర్రనేల, కింద రాయి. ఎండాకాలం ఎర్త్ గుంతలో బిందెడు నీళ్లు పోసేది ఊరికే కాదు, నేల ఎండితే నిరోధం పెరుగుతుంది. రాడ్డు నిరోధం 30 ఓమ్‌లు ఉందనుకోండి. 230ని 30తో భాగిస్తే ఏడున్నర ఆంపియర్లు చిల్లర. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, మామూలు లోడనుకుని హాయిగా కూర్చుంటుంది. బండి పక్కన ఇనుప రాడ్డు పాతి ‘ఎర్త్ అయిపోయింది’ అనడం కూడా ఇందుకే పనికిరాదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి అని అనేది ఈ లెక్క వల్లే. మన దేశంలో ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అని ప్రత్యేక ప్రమాణం ఉంది, ఎలక్ట్రికల్ చదివినవాళ్లు ఒక్కసారైనా తిరగేయాలి. అమెరికాలో ఇలాంటి బండ్ల కోసమే వాళ్ల ఎలక్ట్రికల్ కోడ్‌లో 551 అనే ఆర్టికల్ పెట్టుకున్నారు.

ఆ ఆర్టికల్ వెనకున్న ఆలోచన ఒకటి మన షెడ్లలో ఎవరూ పట్టించుకోరు. ఇన్వర్టర్ ఇనుప పెట్టెను ఛాసిస్‌కు కలిపే వైరు సన్నగా ఉండకూడదు. ఆ పెట్టెకు తగిలేది 230 ఫేజ్ మాత్రమే కాదు, బ్యాటరీ పాజిటివ్ కేబుల్ కూడా తగలొచ్చు. తగిలితే వందల ఆంపియర్లు ఆ ఎర్త్ వైరు గుండానే పోతాయి. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు వేసి ఉంటే ఫ్యూజు కంటే ముందు అదే కాలుతుంది. బ్యాటరీ కేబుల్‌కు దాదాపు సమానమైన లావు ఉండాలి. కలిపే చోట రంగు గీకి, మెరిసే లోహం కనబడ్డాక స్టార్ వాషర్ వేసి బిగించాలి. సీటు బోల్టుకు చుట్టి వదిలేసే అలవాటు ఇకనైనా మానాలి.

సరే, ఇదంతా నేర్చుకుంటే పనెక్కడుంది? ఒక్క కారవాన్లనే నమ్ముకోమని మేం చెప్పడం లేదు. కేరళ 2021లోనే కారవాన్ టూరిజానికి ప్రత్యేక విధానం తెచ్చింది, ఆ గాలి ఇటూ వీస్తుంది. కానీ ఇదే పరిజ్ఞానం సోలార్‌కు నేరుగా పనికొస్తుంది. అక్కడా డీసీ, ఇన్వర్టర్, ఎర్తింగ్ అవే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ఇంటి సోలార్‌కు 78 వేల రూపాయల రాయితీ వస్తోంది. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో ఇళ్లమీద సోలార్ పలకలు వచ్చేశాయి. అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే 18న ఇందిర సౌర గిరి జల వికాసం ప్రారంభమైంది, గిరిజన రైతుల పొలాల్లో సోలార్ పంపుసెట్లు పెట్టే పథకం అది. పెట్టినవాటికి రేపు మరమ్మతు ఎవరు చేస్తారు? హైదరాబాద్ నుంచి మనిషి రావాలా? మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో బ్యాటరీల గిగా కారిడార్‌కు 2023లో శంకుస్థాపన జరిగింది. 2028లో కృష్ణా పుష్కరాలు. బీచుపల్లి, సోమశిల, రంగాపూర్ ఘాట్ల దగ్గర ఎన్ని వైద్య వాహనాలు, ఎన్ని తాత్కాలిక లైన్లు కావాలో 2016 చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మట్టిపనికి దేశమంతా పిలిచిన పాలమూరు మనది. ప్రాజెక్టులు కట్టిన చేతులకు మేస్త్రీ ఇచ్చిందే కూలి. కాగితం లేని పనితనానికి ధర పలకదని ఈ జిల్లాలకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అందుకే ఐటీఐ ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ ట్రేడు పూర్తిచేసినవాళ్లు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వైర్‌మన్ పర్మిట్ తీసుకోండి. డిప్లొమా, బీటెక్ వాళ్లు సూపర్‌వైజర్ పర్మిట్ సంగతి కనుక్కోండి. సోలార్ వైపు మొగ్గుంటే సూర్యమిత్ర శిక్షణ ఉంది. షెడ్డులో ఆరు నెలలు పని నేర్చుకోవడం నామోషీ కాదు. పనిముట్లలో ముందు కొనాల్సింది డీసీ కూడా కొలిచే క్లాంప్ మీటర్. బజార్లో చవగ్గా దొరికేవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, బ్యాటరీ కేబుల్ మీద పెడితే సున్నా చూపిస్తాయి. కొనేముందు షాపులోనే బండి బ్యాటరీ మీద చూసుకోండి.

కాలేజీలకూ ఒక మాట. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో నడిచిన పాలిటెక్నిక్‌కు అరవై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. మూడు జిల్లాల్లో ప్రభుత్వ ఐటీఐలున్నాయి. ఆర్టీసీ తుక్కుకు వేసే ఒక పాత బస్సు బాడీని ఏ ఒక్క సంస్థ అయినా తెచ్చుకుని వర్క్‌షాపులో పెట్టి, విద్యార్థులతో ఇన్వర్టర్ వైరింగ్ చేయించి, విప్పించి, మళ్లీ చేయిస్తే ఎంత ఖర్చవుతుంది? ఒక సెమినార్ ఫ్లెక్సీలు, శాలువాల ఖర్చుతో పోల్చి చూడమని ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాం.

సొంతంగా పని పట్టేవాళ్లు చట్టం సంగతి మరవొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు. ప్యాసింజర్ వ్యాన్‌ను కారవాన్‌గా మారుస్తామంటే ఓనరు ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లిరావాలి. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. అనుమతి లేకుండా చేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు బీమా కంపెనీ పేచీ పెట్టొచ్చు, ఓనరు మీ వైపు వేలు చూపించొచ్చు.

పనయ్యాక బండి అప్పగించే ముందు చాలామంది ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి, టక్కున పడగానే ‘అంతా ఓకే’ అంటారు. ఆ బటన్ ఆర్‌సీసీబీ యంత్రం బాగుందో లేదో మాత్రమే చెప్తుంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా అది పడుతుంది. కాబట్టి మీటరు తీయండి. కరెంటు ఆపి, ప్రతి సాకెట్ మూడో పిన్నుకూ ఛాసిస్‌కూ మధ్య కొలవండి, ఒక ఓమ్ కంటే తక్కువ రావాలి. ఇన్వర్టర్ ఆన్ చేసి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి, దాదాపు సున్నా ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 ఉండాలి. తర్వాత బయటి కరెంటుకు ప్లగ్ పెట్టి, లోపల మిక్సీ వేసి, వచ్చే కేబుల్‌లోని ఎర్త్ వైరు ఒక్కదాని చుట్టూ క్లాంప్ మీటర్ పెట్టండి. అక్కడ ఆంపియర్లు కనబడితే లోపలి బంధం తెగలేదని అర్థం, బండి ఇవ్వొద్దు. ఈ నాలుగు రీడింగులూ తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఒకటి ఓనరుకిచ్చి ఇంకొకటి మీ ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఏడాది ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ ఫైలు వెంట తీసుకెళ్లండి.